దారి అడిగినవారే జ్ఞానులు

డోర్నకల్: వరి కోతలు ముగింపుకు వచ్చాయి. పత్తి చేలలో రెండో ఏరుడు సాగుతున్నది. తెల్లవారకముందే కూలీల ఆటోలు ఊరు దాటుతున్నాయి. ఈ పనుల ఒత్తిడి నడుమనే జిల్లాలోని పల్లె చర్చిలలో ఆగమన కాలం మొదలయింది. బల్ల మీద ఊదా రంగు గుడ్డ పరిచారు. ఆదివారానికి ఒకటి చొప్పున కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు.

క్రిస్మస్ అంటే అందరికీ తెలుసు. ఇంటి ముందు నక్షత్రం, కొత్త బట్టలు, కేకు, రాత్రిపూట పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే పిల్లల గుంపు. దానికి ముందు నాలుగు ఆదివారాల నిరీక్షణ ఒకటి ఉన్నదని ఇతర మతాలవారిలో చాలామందికి తెలియదు. క్రైస్తవులలో కూడా కొందరికి పట్టదు. నవంబరు 30వ తేదీకి దగ్గరగా ఏ ఆదివారం వస్తే ఆ రోజున ఇది ఆరంభమవుతుంది. డిసెంబరు 24తో ముగుస్తుంది. సి.ఎస్.ఐ., లూథరన్, కేథలిక్ సంఘాలు దీనిని పాటిస్తాయి. స్వతంత్ర సంఘాలలో చాలా చోట్ల ఈ ఆచారం లేదు. పాటించేవారికి సంఘ సంవత్సరం మొదలయ్యేది ఈ ఆదివారంతోనే. అంటే ఇది వారి ఉగాది అన్నమాట. పచ్చడి మాత్రం ఉండదు.

కొవ్వొత్తుల సంగతి ఎలా వచ్చిందో వింటే ముచ్చటగా ఉంటుంది. జర్మనీలోని హాంబర్గు నగరంలో విఖెర్న్ అనే పాస్టరు దిక్కులేని పిల్లలకు ఆశ్రమం నడిపేవారు. పండుగ ఇంకా ఎన్ని రోజులని పిల్లలు రోజూ ఆయన ప్రాణం తీసేవారు. 1839లో ఆయన ఒక పాత బండి చక్రం తెచ్చి దాని మీద కొవ్వొత్తులు నిలబెట్టారు. మామూలు రోజులకు చిన్నవి, ఆదివారాలకు పెద్దవి నాలుగు. రోజుకొకటి వెలిగించి, మీరే లెక్క పెట్టుకోండి అన్నారు. ఇవాళ చర్చిలలో కనిపించే ఆకుల చుట్టకు మూలం ఆ బండి చక్రమే. అడిగి అడిగి విసిగించిన పిల్లల వల్ల పుట్టిన ఆచారం ఇది.

ఎదురు చూడడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదని రైతుకు వేరే చెప్పనక్కరలేదు. విత్తనం వేసినవాడు వాన కోసం చూస్తాడు. ఈలోగా గెట్టు సరిచేస్తాడు, కలుపు తీయిస్తాడు. ఆగమన కాలంలో సంఘకాపరులు చెప్పేదీ ఇదే. వచ్చేవాడు వచ్చేలోగా ఇల్లు చక్కబెట్టుకోవాలి. అందుకు జ్ఞానం కావాలి. మరి ఆ జ్ఞానం ఎక్కడ దొరుకుతుంది? చదువులోనా, వయసులోనా, గుడిలోనా? డోర్నకల్ చుట్టుపక్కల పల్లెల్లో నాలుగైదు రోజులు తిరిగి ఈ విలేఖరి ఇదే ప్రశ్న అడిగితే రకరకాల జవాబులు వచ్చాయి.

మొదటి పిలుపు

కేథలిక్ సంఘాలలో డిసెంబరు 17 నుంచి 23 వరకు ఏడు రోజులు సాయంకాల ప్రార్థనలో ఒక్కో చిన్న పిలుపు ఉంటుంది. రాబోయే క్రీస్తును రోజుకొక పేరుతో పిలుస్తారు. ప్రభువు, యెష్షయి వేరు, దావీదు తాళపుచెవి, ఉదయ సూర్యుడు, జనముల రాజు, ఇమ్మానుయేలు. ఇవి ఆరు. వీటన్నిటికంటే ముందు, 17వ తేదీన పిలిచే పేరు జ్ఞానం. వెయ్యేళ్ళకు పైబడిన ఆచారమిది. లాటిన్ భాషలో ఆ ఏడు పేర్ల మొదటి అక్షరాలను చివరి నుంచి వెనక్కు కూర్చితే ‘రేపు ఉంటాను’ అని అర్థం వస్తుంది. ఆంగ్లికన్ సంఘం వారి 1662 నాటి ప్రార్థన పుస్తకంలోని పంచాంగంలో కూడా ఈ జ్ఞానం పిలుపు గుర్తు పెట్టి ఉన్నది. అక్కడ తేదీ మాత్రం డిసెంబరు 16.

ఆ తేదీ మన పల్లెలకు కొత్త కాదు. అటూ ఇటుగా అదే రోజున ధనుర్మాసం పడుతుంది. ఒకే చలిలో, ఒకే తెల్లవారుజామున ఒక వీధిలో కోవెల మైకు, మరో వీధిలో చర్చి మైకు మోగుతాయి. వాకిట్లో ముగ్గు వేసే ఆడపిల్లలకు రెండూ వినిపిస్తాయి. ఒకదానికి మరొకదానితో చుట్టరికం ఉన్నదని కాదు. రాత్రి పొడవుగా ఉండే రోజులు వెలుగు కోసం చూడడానికి తగినవని పెద్దలందరికీ తోచి ఉండవచ్చు.

మూడు కోసుల దూరం

క్రిస్మస్ కథలో జ్ఞానులనే మాట సూటిగానే వస్తుంది. నక్షత్రం చూసి తూర్పు దేశం నుంచి వచ్చినవారు వీరు. గ్రీకు మూలంలో ఉన్న మాట చుక్కలను చూసి లెక్కలు చెప్పేవారికి వాడే మాట. తెలుగు బైబిలు వారిని జ్ఞానులు అన్నది. మన పల్లె నాటకాలలో వీరు ముగ్గురు, తలల మీద అట్ట కిరీటాలు. మత్తయి సువార్తలో ముగ్గురని లేదు, రాజులని అసలే లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు చెప్పారు కనుక మనుషులు కూడా ముగ్గురై ఉంటారని తరువాతివారు అనుకున్నారు. ఈ సంగతి నాటకం నేర్పే మాస్టర్లకు తెలిస్తే వేషం దొరకక ఏడ్చే పిల్లలు తగ్గుతారు.

ఈ జ్ఞానులు యెరూషలేము చేరి, పుట్టిన రాజు ఎక్కడ ఉన్నాడని అడిగారు. హేరోదు రాజుకు గుండెలో రాయి పడింది. ప్రధాన యాజకులను, శాస్త్రులను పిలిపించి వాకబు చేశాడు. వారు తడుముకోలేదు. బేత్లెహేములో అన్నారు. మీకా ప్రవక్త గ్రంథం ఆధారంగా చూపించారు. జవాబు అక్షరాలా సరైనదే. బేత్లెహేము అక్కడికి మూడు కోసులు, అంటే తొమ్మిది పది కిలోమీటర్లు. చద్ది తిని బయలుదేరితే మధ్యాహ్నం అన్నం వేళకు చేరవచ్చు. కాని జవాబు చెప్పిన శాస్త్రులలో ఒక్కరైనా బయలుదేరినట్లు సువార్తలో లేదు. వెళ్ళినవారు ఆ గ్రంథం ఎరగని పరదేశులు.

రెండో ఆదివారం ఒక పల్లె చర్చిలో దీని మీదే ప్రసంగం నడిచింది. “శాస్త్రులకు ఊరి పేరు తెలుసు. జ్ఞానులకు తెలియదు. తెలియదు కనుక అడిగారు, అడిగారు కనుక కదిలారు. మన సంఘంలో వచనాలు నోటికి వచ్చినవారు చాలామంది ఉన్నారు. పక్కింటి గడప తొక్కి ఏళ్ళయినవారు కూడా వారే” అని సంఘకాపరి అన్నారు. మగవారి వైపు వరుసలలో ఒకరిద్దరు తల దించుకోవడం కనిపించింది. ఆ వరుసలలో ఒకరి సంగతి చివర వస్తుంది.

ఈ కథలో ప్రసంగాలు సాధారణంగా వదిలేసే ముడి ఒకటి ఉన్నది. రాజు పుడితే రాజభవనంలోనే పుడతాడనుకుని జ్ఞానులు హేరోదు గుమ్మం ఎక్కారు. వారు అడిగిన ఆ ఒక్క ప్రశ్నతో హేరోదుకు అనుమానం పుట్టింది. చివరకు బేత్లెహేములో రెండేళ్ళలోపు మగపిల్లలను చంపించాడని సువార్తే చెబుతున్నది. అడగడం మంచిదే, అడిగిన గుమ్మమే మంచిది కాదు. తిరిగి వెళ్ళేటప్పుడు వారు హేరోదు వైపు పోకుండా వేరే దారి పట్టారు. తల్లుల ఏడుపు మాత్రం మిగిలింది.

ఈ సంగతి ఎత్తితే రచ్చబండ దగ్గర కూర్చున్న ఒక మిర్చి రైతు వెంటనే అందుకున్నాడు. “మేము గూడ గా రాజు ఇంటికే పోయినమయ్యా. 2021ల మిరపకు నల్ల తామర పురుగు తగిలింది. ఎవరిని అడిగినం? మందులు అమ్మెటోన్ని అడిగినం. ఒక డబ్బ ఇచ్చిండు, తగ్గలే. ఇంకొకటి ఇచ్చిండు, తగ్గలే. రెండు కలిపి కొట్టమన్నడు. పూతంత రాలింది. పంట పాయె, ఆయన ఖాతల మన పేరు మిగిలె. నీలిరంగు అట్టలకు జిగురు పూసి చేలో కట్టాలని మాకు తెలిసేటాళ్ళకు చేను పీకేసినం” అని చెప్పాడు. ఆ ఏడాది ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాలలో మిర్చి రైతులు పడిన బాధ పాఠకులు కళ్ళారా చూసినదే. పురుగు కొత్తది. పూవులో దాగి రసం పీల్చేది. తెలియకపోవడం రైతు తప్పు కాదు. సరుకు అమ్ముకునేవాడినే వైద్యం అడగడం దగ్గరే కథ తప్పింది. ఇంతకూ ఈ రైతు క్రైస్తవుడు కాదు. చర్చి మైకులో ప్రసంగం ఇంటి అరుగు మీద కూర్చునే విన్నాడట.

జ్ఞానుల పండుగ పేరిట గుడి

ఈ జ్ఞానులతో మన జిల్లాకు ఒక బంధం ఉన్నది. డోర్నకల్‌లోని పెద్ద చర్చి పేరు ఎపిఫనీ కెథడ్రల్. జనవరి 6న వచ్చే ఎపిఫనీ, జ్ఞానులు వచ్చి శిశువును చూసిన పండుగ. 1939లో సరిగ్గా ఆ పండుగ రోజునే ఈ చర్చిని ప్రతిష్ఠించారు. దూరం నుంచి గుమ్మటాలు చూసినవారు మసీదు అనుకుంటారు. లోపల రాతి స్తంభాలు చూసినవారికి కోవెల మండపం గుర్తుకు వస్తుంది. సిలువ చూస్తే తప్ప చర్చి అని తెలియదు. ఎటునుంచి వచ్చినవాడికైనా తన ఇల్లులా ఉండాలని కట్టించినవారి కోరిక కావచ్చు.

కట్టించినవారు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తమిళనాడు దక్షిణ కొసన తిరునల్వేలి సీమలో పుట్టారు. తెలుగు ఆయన భాష కాదు. నైజాం రాజ్యంలో ఉన్న డోర్నకల్‌కు 1909లో కాపురం వచ్చారు. అప్పటికే పేరున్న నాయకుడు, అయినా తెలుగు పిల్లవాడిలా నేర్చుకోవలసి వచ్చింది. 1910లో స్కాట్లండులోని ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి, తెల్లదొరలు చేసిన త్యాగాలను మెచ్చుకుంటూనే, మాకు కావలసింది స్నేహితులు అని మొగమాటం లేకుండా అడిగారు. సభలో చాలామందికి ఆ మాట రుచించలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూశారు. సమాధి డోర్నకల్‌లోనే ఉన్నది.

ఆయన కాలంలో సంఘంలో చేరినవారిలో అత్యధికులు దళితులు. బడి గడప తొక్కనివ్వని రోజులవి. జ్ఞానమనే మాట మీద కొందరే పట్టా రాయించుకున్న సమాజంలో, పుస్తకం ద్వారానే జ్ఞానం వస్తుందంటే ఈ జనానికి వాటా లేనట్లే. అందువల్ల పాటలతో, కథలతో, ప్రశ్న జవాబులతో బోధ జరిగేది. బాప్తిస్మం పొందేవారు తమ చేయి తమ తల మీద పెట్టుకుని, విన్నది పదిమందికి చెబుతామని మాట ఇచ్చేవారట. అక్షరం రానివాడు కూడా గురువే అన్నమాట. ఇవాళ ఆ పల్లెలలో మనుమలు పట్నంలో ఇంజనీరింగు చదువుతున్నారు. అవ్వలు మాత్రం పాత పాటలు పుస్తకం లేకుండానే పాడుతున్నారు.

చదివేది కోడలు, అర్థం చెప్పేది అత్త

బైబిలులో సామెతల గ్రంథానికి అధ్యాయాలు 31. డిసెంబరు నెలకు రోజులు 31. కొన్ని ఇళ్ళలో రోజుకొక అధ్యాయం చదివే అలవాటు ఉన్నది. పత్తి ఏరే ఒక ఇల్లాలు ఈ విషయం చెబుతూ, “మా అత్తకు అచ్చరం రాదు. రాత్రి అన్నాలు తిన్నంక నేను చదువుత, ఆమె వింటది. చదివేది నేనే, అర్థం జెప్పేది ఆమె” అని నవ్వింది.

అత్తగారికి నచ్చింది తూకం సంగతి. ఆ గ్రంథంలో తప్పుడు త్రాసు, తప్పుడు రాళ్ళ ప్రస్తావన ఒకచోట కాదు, మూడు చోట్ల వస్తుంది. పత్తి కాంటాలు పెట్టే రోజుల్లో ఇది వింటే ఎవరికైనా చెవులు నిక్కబొడుచుకుంటాయి. “మూడువేల ఏండ్ల కిందట గూడ గిదే మోసమా” అని ఆ పెద్దమ్మ ఆశ్చర్యపోయిందట. ఇంకొకరి బాకీకి జామీను ఉండవద్దనే హెచ్చరిక కూడా అందులో పలుమార్లు ఉన్నది. గ్రూపు అప్పులలో ఒకరికొకరు జామీను ఉండి, వాయిదా రోజున పక్కింటి గొడవ తమ ఇంటికి తెచ్చుకున్న ఆడవారికి ఇది వేరే వివరించనక్కరలేదు.

ఆ గ్రంథంలో జ్ఞానాన్ని ఒక స్త్రీగా చెప్పారు. ఆమె కేకలు వేసేది పాఠశాలలో కాదు, మందిరంలో కాదు. వీధులలో, ఊరి గవిని దగ్గర, నాలుగు దారులు కలిసే చోట. అంటే పొద్దున కూలి ఆటో ఆగే చోట, సంత జరిగే చోట అనుకోవచ్చు. వినేవారు ఎంతమంది అనేది వేరే సంగతి.

విన్న తండ్రి, వినని కొడుకు

జ్ఞానమంటే సొలొమోను పేరు చెప్పని ప్రసంగం ఉండదు. గిబియోనులో దేవుడు కలలో కనిపించి ఏమి కావాలో కోరుకోమంటే, ఆయన ఆయుష్షు, ధనం అడగలేదు. తెలుగు బైబిలులో వివేకం గల హృదయమని ఉన్నది. హెబ్రీ మూలంలోని మాటకు ‘వినే హృదయం’ అని అర్థమని పండితులు చెబుతారు. తీర్పు చెప్పేవాడికి ముందుగా కావలసింది నోరు కాదు, చెవి. వెంటనే వచ్చిన తగవు ఇద్దరు తల్లులు ఒక బిడ్డ కోసం పెట్టుకున్నది. ఆ కథ అందరికీ తెలిసిందే.

తెలియనిది ఆ తరువాతి కథ. ఆ జ్ఞాని కడపటి రోజుల్లో ప్రజల మెడ మీద కాడి బరువెక్కింది. ఆయన పోయాక జనం కొడుకు రెహబాము దగ్గరకు వచ్చి కాస్త తగ్గించమని వేడుకున్నారు. అతడు మూడు రోజులు గడువు అడిగాడు. ముసలివారిని అడిగితే, ప్రజలకు మంచి మాట చెప్పమన్నారు. ఈడువారిని అడిగితే, ఇంకా బిగించమన్నారు. రెండో సలహా పట్టుకున్నాడు. పన్నెండు గోత్రాలలో పది చేజారిపోయాయి. ఇతడు కూడా అడిగాడు. కాని తనకు ఇష్టమైన జవాబు దొరికేదాకా అడిగాడు. మన గ్రామ పంచాయతీలలో, కుటుంబ పంపకాలలో ఈ రకం సలహా అడగడం ఎంత ఉన్నదో పాఠకులే ఆలోచించుకోవాలి. పెద్దమనుషులు నలుగురిని మార్చి, అయిదో వాడు తన వైపు మాట్లాడితే వాడే ధర్మరాజు అనేవారు ప్రతి ఊరిలో ఉన్నారు.

మేమేం చేయాలి?

ఆగమన కాలపు నడిమి ఆదివారాలలో బాప్తిస్మమిచ్చే యోహాను కథ చదువుతారు. ఎడారిలో ఉండి, మిడతలు, అడవి తేనె తిని బతికిన మనిషి. మాట కటువు. జనం ఆయన దగ్గరకు వెళ్ళి, అయితే మేమేం చేయాలి అని అడిగారు. లూకా సువార్తలో ఆయన చెప్పిన జవాబులు చూస్తే చాలా మామూలుగా ఉంటాయి. రెండు అంగీలు ఉన్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలి. అన్నం సంగతి కూడా అంతే. పన్ను వసూలు చేసేవారు రావలసినదానికంటే పైసా ఎక్కువ లాగకూడదు. సిపాయిలు బెదిరించి డబ్బు గుంజకూడదు, జీతంతో సరిపెట్టుకోవాలి. ఎవరినీ ఎడారికి రమ్మనలేదు, ఉద్యోగం వదలమనలేదు. ఎవరి బల్ల దగ్గర వారు కూర్చునే చేయగలిగిన పని చెప్పారు. అది ఎడారిలో మిడతలు తినడంకంటే కష్టమని మన ఆఫీసుల చుట్టూ తిరిగినవారికి తెలుసు.

ఒక పల్లెలో స్త్రీల మైత్రి సభ్యులు ఈ ప్రశ్నను పండుగ ఖర్చు మీదకు తిప్పారు. అయిదేళ్ళుగా ప్రతి డిసెంబరులో బట్టలకు, విందుకు వారం వడ్డీకి అప్పు తేవడం, అది ఎండాకాలం దాకా తీరకపోవడం మామూలయింది. “యేసు పుట్టింది పశువుల పాకల. మనం పండుగ చేసేది వడ్డీల” అని ఒక తల్లి అన్న మాటతో చర్చ మొదలయిందట. ఈసారి ఎవరూ పండుగ పేరుతో కొత్త అప్పు తేకూడదని, వండేటప్పుడు రోజూ తీసిపెట్టే పిడికెడు బియ్యంలో సగం ఒంటరి ముసలివారికి ఇవ్వాలని అనుకున్నారు. స్టారు కూడా దుకాణంలో కొనకుండా వెదురు బద్దలు, రంగు కాగితాలతో పిల్లలే కడుతున్నారు. మగవారిలో ఈ తీర్మానానికి అంత ఉత్సాహం కనిపించలేదు. విందులో ఏట మాంసం సంగతి తేలలేదు. ఎంతవరకు నిలబడతారో చూడాలి.

నంబరు అడిగిన అన్న

పైన చెప్పిన చర్చిలో, మూడో వరుసలో కూర్చునే ఒక పెద్దాయన ఉన్నారు. అరవై దాటాయి. చిన్నతనంలో ఉపదేశి దగ్గర చదువుకున్నారు. ఏ వచనం ఎక్కడుందో పుస్తకం తీయకుండా చెబుతారు. పాస్టరుగారు లేని ఆదివారం ఆరాధన నడిపేది ఆయనే. సొంత తమ్ముడితో మాటలు లేక తొమ్మిదేళ్ళయింది. కారణం రెండు గుంటల గెట్టు. సర్వే చేయించారు, పెద్దమనుషులను పిలిచారు, ఠాణా దాకా వెళ్ళారు. ఖర్చు ఆ రెండు గుంటల విలువను ఎప్పుడో మించిపోయింది. తల్లి పోయినప్పుడు కూడా ఇద్దరూ పాడెకు చెరో వైపు పట్టారే తప్ప మొహాలు చూసుకోలేదు. తమ్ముడు భూమి కౌలుకిచ్చి హైదరాబాదులో వాచ్‌మన్ పనికి వెళ్ళిపోయాడు.

సంస్కారం తీసుకునే ముందు, సహోదరుడితో తగవు ఉంటే కానుక అక్కడే విడిచి వెళ్ళి సమాధానపడి రావాలనేది సువార్త మాట. ఆయన ఆ మాట మీద కూడా ఎన్నోసార్లు ప్రసంగించారు. సంస్కారం కూడా తీసుకుంటూనే ఉన్నారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. పెద్దాయనను ఎవరు అడుగుతారు?

రెండో ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నిలబడి, “వాని ఫోను నంబరు ఎవరి దగ్గరన్న ఉన్నదా?” అని ఆయన అడిగారు. ఎవరి నంబరో చెప్పలేదు. అందరికీ అర్థమయింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు పదో తరగతి చదివే ఒక పిల్లవాడు తన ఫోనులో వెతికి కాగితం మీద రాసిచ్చాడు. తమ్ముడి కొడుకు, ఆ పిల్లవాడు ఆటలలో స్నేహితులు. పెద్దవాళ్ళకు తెలియకుండా వాళ్ళు తొమ్మిదేళ్ళూ మాట్లాడుకుంటూనే ఉన్నారన్నమాట.

ఆ రాత్రి ఫోను చేస్తే మరదలు ఎత్తింది. గొంతు గుర్తు పట్టి చాలాసేపు ఏమీ అనలేదు. ఆయన డ్యూటీలో ఉన్నాడు, చెబుతానన్నది. గెట్టు సంగతి ఆయన ఎత్తలేదు, ఆమె అడగలేదు. పండుగకు రమ్మన్నానని మాత్రం పెద్దాయన చెప్పారు. ఈ వార్త రాసేటప్పటికి అటునుంచి తిరిగి ఫోను రాలేదు. మీకు కోపం పోయిందా అని ఈ విలేఖరి అడిగితే, “పోలే. గెట్టు నాదే. గని వాడు తిన్నడో లేదో అని యాది కొస్తుంది” అన్నారు.

నాలుగో ఆదివారం సంస్కారం ఉన్నది. ముందు రోజు సాయంత్రం హైదరాబాదు వైపు నుంచి వచ్చే బండ్ల వేళకు డోర్నకల్ స్టేషనుకు పోయి చూస్తానని ఆయన చెబుతున్నారు. వస్తానని తమ్ముడు అనలేదు కదా అంటే, రానని కూడా అనలేదు కదా అన్నారు.